ఏ బావి నీళ్ళు

చివర్లో ఒక మాట అడుగుతారు, నువ్వేమైనా తెలుసుకోవాలా అని. ఏమీ లేదండీ అనాలి, దండం పెట్టాలి, లేచి రావాలి. నెల్లూరు ఆస్పత్రిలో కాన్పుల పని నేర్పిన మేట్రనమ్మ ఆఖరిరోజున ఈ సంగతి కూడా పాఠంలో భాగంగానే చెప్పింది, బొడ్డు ఎక్కడ కట్టాలో చెప్పినంత కచ్చితంగా చెప్పింది. అడిగేవాళ్ళంటే పెద్దలకు గిట్టదమ్మా అంది. మగ్దలీనమ్మ నేర్చుకుంది. మొదటి ఉద్యోగానికి పిలిచినప్పుడు అలాగే, ఏమీ లేదండీ అని, దండం పెట్టి లేచి వచ్చింది. ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగం పోయి, జబ్బుపడి లేచి, ఇప్పుడు రెండో ఉద్యోగం కోసం పంచాయతీ సమితి ఆఫీసు వసారాలో బల్ల చివర కూర్చుని పిలుపు కోసం ఎదురుచూస్తుంటే, ఆ పాత మాట మళ్ళీ నోట్లోకి వచ్చింది గాని మింగుడుపడడం లేదు.

కోట ఊళ్ళో బస్సు మారి వచ్చేసరికే ఎండ ముదిరింది. సముద్రం ఇక్కడికి కనపడదు, గాలి మాత్రం అక్కడిదే, జిగటగా, ఉప్పగా, గంజిపెట్టిన తెల్లచీర కుచ్చెళ్ళను కాసేపట్లోనే మెత్తబెట్టేసింది. పొద్దున ఎంత శ్రద్ధగా కట్టుకుంది. ఈ చీర కడితే నర్సమ్మ, తీసేస్తే ఎవరు? ఆ ప్రశ్న ఎవరూ వేయరు, చీర ఉన్నా లేకపోయినా దానికి జవాబు అందరికీ ముందే తెలిసి ఉంటుంది. తలుపుకు వేలాడే పచ్చతెర గాలికి ఉబ్బి మళ్ళీ వెనక్కి వస్తోంది, ఉబ్బినప్పుడల్లా లోపల బల్ల కింద ఒకరి చెప్పులూ ఇంకొకరి బూట్లూ కనిపిస్తున్నాయి, నవ్వులు వినిపిస్తున్నాయి, దేని గురించో, వడ్ల ధర గురించేమో. లోపల సమితి ప్రెసిడెంటు, బీడీవో, నెల్లూరు నుంచి వచ్చిన డాక్టరు ఉన్నారని ప్యూను చెప్పాడు. ఖాళీలు ఒకటి ఈ ఊళ్ళోనే, ఇంకొకటి సముద్రపు ఒడ్డున, చేపలు పట్టే పట్టపువాళ్ళ పాళెంలో. ఆ ఒడ్డు ఎవరి వంతుకు వస్తుందో ఆమెకు తెలియనిది కాదు. పొద్దుటి నుంచి వచ్చినవాళ్ళు వచ్చి పోగా మిగిలింది ఆమె, బల్ల అవతలి చివర ఇంకొక పిల్ల.

ఆ పిల్ల పేరు షాజాదీ బేగం. మొన్ననే ట్రైనింగు ముగించింది. తోడొచ్చిన అన్న ఆమెను ఇక్కడ దింపి తోళ్ళ బేరానికి బజారులోకి పోయాడు, సాయంత్రం దాకా రాడు. చేతిరుమాలును మడవడం, విప్పడం, మళ్ళీ మడవడం, అలా మడుస్తూనే బల్ల మీద కొంచెం కొంచెం జరిగి దగ్గరికి వచ్చింది.

"లోపల ఏమడగతారక్కా?"

"పేరు, ఊరు, ఎవురి పిల్లవి, పెండ్లయిందా లేదా. ఆనక పని సంగతి అడగతారు."

"ఆకర్న మనల్ని గూడా అడగమంటారంట గదా, మా అన్న చెప్పినాడు. ఏమడగాలక్కా?"

ఏమీ లేదని చెప్పు తల్లీ, అనబోయింది. తనకు ఒకరు అందించిన పాఠం, తను ఇంకొకరికి అందించాలి. నోరు తెరిచింది గాని ఆ మాట రాలేదు. "నేను గూడా అదే ఆలోచిస్తుండా" అంది. వేళాకోళం అనుకుని షాజాదీ నవ్వింది. నవ్వితే బుగ్గ మీద సొట్ట పడింది. ఈ పిల్లను ఏ ఊరికి పంపుతారో, ఆ ఊళ్ళో ఈ సొట్టను చూసేవాళ్ళు ఎవరుంటారో.

నాయన ఉంటే ఏమనేవాడు? నాయన పేరు సమాధానం, ఊళ్ళకు ఎడంగా ఉండే పల్లెల వెంట తిరిగి సువార్త చెప్పినవాడు. దేవుణ్ణయితే నిలదీసి అడిగేవాడు. గోడకేసి తిరిగి, కళ్ళు మూసుకుని, తండ్రీ ఇదేంది, వానెందుకు ఇయ్యవు, నా పెండ్లాన్నెందుకు తీసుకపోతివి, ఈ ఆడబిడ్డను నేనెట్ట సాకాల అని పక్కింటికి వినపడేట్టు అడిగేవాడు. అదే మనిషికి రోడ్డు మీద ఆసామి ఎదురైతే భుజం మీది తువ్వాలు చంకలోకి పోయేది, కాళ్ళ చెప్పులు చేతిలోకి వచ్చేవి. యాడికి పోతావుండావురా అంటే జవాబు చెప్పేవాడే గాని తిరిగి ఒక్క మాట అడగడం ఆమె ఎరగదు. చిన్నప్పుడు ఆమెకు దేవుడంటే భయం లేకపోయింది అందుకే. ఏమడిగినా కోప్పడని పెద్దమనిషి ఆయనొక్కడే. ఆయన జవాబు చెప్పడనుకో, అది వేరే సంగతి. నాయన పోయినరోజు ఆమె కూడా గోడకేసి తిరిగి కూర్చుంది. ఏమడగాలో తోచక అలాగే కూర్చుని, సున్నం పెచ్చులూడిన చోట ఒక గొర్రె ఆకారం కనిపిస్తే దాన్నే చూస్తూ ఉండిపోయింది. అప్పటి నుంచి ఇంట్లో మాట అనేది లేదు. తనలో తను అనుకోవడమే.

మొదటి ఉద్యోగం ఇచ్చింది మెట్టమీది ఊళ్ళో, నెల్లూరికి పడమటగా, ఎర్రమట్టి దారిలో. వెళ్ళే ముందు ఏమడిగి ఉండాలి? ఇల్లెక్కడ అని అడిగి ఉండాలి. ఇల్లంటే ఊరి చివరి గడ్డివాముకు అవతల, పల్లె మొదటి గుడిసెకు ఇవతల, ఎరువు మూటలు వేసుకునే ఒంటి కొట్టం. అక్కడుంటే ఊరివాళ్ళకు ఆమె పల్లె మనిషి, పల్లెవాళ్ళకు తెల్లచీర కట్టి ఇంగ్లీషు మందులిచ్చే ఊరి మనిషి. పల్లె ఆడవాళ్ళు ఆమె వస్తుంటే పాట ఆపేసి లేచి నిలబడేవాళ్ళు, కూచోండక్కా నేను మీ మనిషినే అంటే ఇంకా బిగుసుకునేవాళ్ళు. తలుపుకు గడియ ఉందా అని అడిగి ఉండాలి. లేదు. ఆదివారం ప్రార్థన ఎక్కడ అని అడిగి ఉండాలి. ఎక్కడా లేదు. మొదటివారం ఒక్కతే కూర్చుని పాటెత్తుకుంటే గొంతు ఎవరిదో పరాయిదిలా వినపడి సగంలో ఆపేసింది. నర్సమ్మకు జ్వరమొస్తే ఎవరు చూస్తారు, అదీ అడిగి ఉండాలి. ఇవన్నీ ఆ రోజు బల్లకు అవతల కూర్చున్నవాళ్ళకు తెలుసా? కొంతైనా తెలిసే ఉంటుంది. ఆమె అడగలేదు కాబట్టి వాళ్ళు చెప్పలేదు, చెప్పకపోవడం అబద్ధం కాదు కాబట్టి వాళ్ళ మీద నేరం లేదు. అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది, అది తలపుకొస్తే ఇప్పటికీ గొంతెండుతుంది.

ఎండలు మొదలైతే పల్లె బావిలో మిగిలేది బురదే. ఊళ్ళో గిలకల బావి ఉంది, తియ్యటి నీళ్ళు. ఆ గట్టు ఎక్కకూడదని ఆమెతో ఎవరూ అనలేదు. అనక్కర్లేదని వాళ్ళకు తెలుసు, ఆమెకూ తెలుసు. కింద బిందె పెట్టుకుని నిలబడితే పైనుంచి ఎవరైనా పోయాలి. చెంచులక్ష్మి పోసేది. ఆ బావి పక్క ఇంటి వెంకటశేషమ్మగారి కొత్త కోడలు, కాళ్ళ పసుపు ఇంకా ఆరని పిల్ల. బిందెలోకి ధార పడుతుండగా అటూ ఇటూ చూసి, పెదవులు కదిలీ కదలకుండా మాట్లాడేది. మీదేవూరక్కా. నెల్లూర్లో సినిమాలు చూసినావా. ఒకతివే పండుకోను భయం గాదా. ధార ఆగితే మాట ఆగాలి, అందుకని ఆ పిల్ల సన్నగా పోసేది. బిందె ఎంత నిదానంగా నిండితే అంత మంచిదని ఇద్దరికీ తెలుసు, ఆ సంగతి పైకి అనుకున్నది లేదు. మందుల సంగతీ నొప్పుల సంగతీ కాకుండా, ఉత్తినే, మనిషితో మనిషి మాట్లాడినట్టు ఆమెతో రోజు మొత్తంలో ఎవరైనా మాట్లాడారంటే ఆ కాస్తే. ఇంట్లో నీళ్ళు ఉండగానే ఒక్కోరోజు వాటిని గుమ్మం ముందరి కనకాంబరం చెట్లకు పోసేసి, ఖాళీ బిందె ఎత్తుకుని మళ్ళీ బయల్దేరేది. ఆ వేసవిలో కొట్టం ముందు కనకాంబరాలు విరగబూశాయి. కోసి ఎవరికివ్వాలో తెలియక చెట్టునే ఎండనిచ్చింది.

ఆ పిల్లకు కాన్పు తనే చేసింది. వాన కురుస్తున్న పగలు, బిడ్డ అడ్డం తిరిగింది. వెంకటశేషమ్మగారు మనిషిని పరుగెత్తించారు. వాకిలి దాటించి, నడవ దాటించి, లోపలి గదిలోకి తీసుకుపోయారు, ఆ వేళ ఆ ఇంట్లో ఏ గడపా ఆమెకు అడ్డం రాలేదు. చెంచులక్ష్మి ఆమె ముంజేతిని గోళ్ళు దిగేదాకా పట్టుకుని, పోబాకక్కా, నన్నిడిసి పోబాకక్కా అని అరిచింది. యాడికి పోతానమ్మా, ఈడనే ఉంటా గదా అంది. బిడ్డను తిప్పింది, లాగింది, నోట్లోని గళ్ళ తీసింది, ఏడిపించింది. అందరూ బిడ్డ చుట్టూ మూగారు. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వస్తే చెంబుతో పైనుంచి నీళ్ళు పోసింది వెంకటశేషమ్మగారే, ముఖం నిండా సంతోషంతో, చెంబు చేతికి తగలకుండా. మర్నాడు ఇల్లంతా కడిగారని, తను కూర్చున్న చాప అవతల పారేశారని చాకలామె చెప్పింది. ఏ ఇంట్లోనైనా జరిగేదే, దానికి ఏడవడం మానేసి చాలాకాలమైంది. మైల రోజులు గడిచాక బిడ్డను చూసి వద్దామని వెళ్ళి వాకిట్లో నిలబడితే, నడవలో బిడ్డను ఒళ్ళో వేసుకుని చెంచులక్ష్మి కూర్చుని ఉంది. చూపులు కలిశాయి. రా అనలేదు. అత్త పక్కనే ఉంది, అనలేదు, సరే. చూపు కూడా తిప్పేసుకుంది. ముంజేతి మీద గోళ్ళ గాట్లు అప్పటికింకా మాననే లేదు.

పిల్లతల్లి బావికి రావడం మానేసింది. మళ్ళీ ఎండలు వచ్చాక బిందె పెట్టుకుని నిలబడితే, ఎవురన్నా వస్తార్లే, ఉండమ్మా, అని దాటిపోయేవాళ్ళు. వచ్చినవాళ్ళు తమ నీళ్ళు తోడుకుని, ఇంకెవరో పోస్తారులే అనుకుని పోయేవాళ్ళు. వాళ్ళల్లో కొందరి బిడ్డల్ని ఈ చేతులే బయటికి తీశాయి. కాసిని పొయ్యండమ్మా అని నోరు తెరిచి అడిగితే పోసేవాళ్ళేమో. అడగడం ఎవరు నేర్పారు గనక? ఒకరోజు నెత్తి మాడి కళ్ళు తిరుగుతుంటే ఖాళీ బిందెతో తిరిగి వస్తూ, గొడ్లు దిగే గుంట దగ్గర ఆగి, కొంగు అడ్డం పెట్టి వడగట్టుకుని తాగేసింది. నీళ్ళు కాంచుకోని తాగండమ్మా అని ఇల్లిల్లూ తిరిగి చెప్పిన నోరే అది. ఆ తర్వాత జ్వరం, కొట్టం కప్పు తిరగడం, నాయన గోడకేసి ఎవరినో నిలదీస్తున్నట్టు వినపడడం. తలుపు తోసి చూసిందెవరో, బండి కట్టించిందెవరో తెలియదు. బండి వెంకటశేషమ్మగారి ఇంటి ముందుగా పోతుంటే గడపలో చెంచులక్ష్మి బిడ్డనెత్తుకుని నిలబడి ఉంది. పెదవులు కదిలాయి, ఈసారి బాగానే కదిలాయి, ఏదో అడిగింది. చక్రాల చప్పుడులో వినపడలేదు. ఎట్టుండాదక్కా అనా? మళ్ళా వస్తావా అనా? ఆస్పత్రి మంచం మీద పడుకుని ఆ కదలికకు ఎన్ని మాటలు అతికించి చూసుకుంది. ఏదీ అతకలేదు.

"మగ్దలీనమ్మ ఎవరు?"

ప్యూను రెండోసారి అరిచాక గాని అది తన పేరని తట్టలేదు. లేచింది, కుచ్చెళ్ళు సర్దుకుంది, పచ్చతెర తోసుకుని లోపలికి పోయింది.

కూర్చో అని డాక్టరే అన్నాడు. ప్రెసిడెంటు భారీ మనిషి, కుర్చీ నిండా కూర్చుని పేరు చూశాడు. "కిరస్తానమా? ఎవురి తాలూకు?" సువార్త సమాధానం కూతుర్నయ్యా అని పల్లె పేరు చెప్పింది. ఆయనకు కావలసింది దొరికింది, తలూపాడు. కాళ్ళు ముందొస్తే ఏం చేస్తావు, నెత్తురు ఆగకపోతే ఏం చేస్తావు అని డాక్టరు అడిగాడు. చెబుతుంటే ఆమె గొంతు నిలకడకు వచ్చింది, తను చేతులతో చేసినవే గనక. పోయినచోట చెప్పకుండా వచ్చేసినట్టుందే అన్నాడు బీడీవో.

"జొరమొచ్చిందండీ. బండిలో ఏసుకపొయినారు."

"ఏం జ్వరం?" డాక్టరు అడిగాడు.

"టైఫాయిడండీ."

"నీళ్ళు కాచుకు తాగమని ఊరందరికీ చెప్పే మనిషివి, నీకే టైఫాయిడా?"

ముగ్గురూ నవ్వారు. చెడ్డ నవ్వేం కాదు, పొద్దుటి నుంచి కూర్చుని అలసిపోయిన వాళ్ళ నవ్వు. తనూ నవ్వాలి, అలవాటు, పెదవుల దాకా వచ్చింది, అక్కడ ఆగిపోయింది. డాక్టరు కలానికి మూతపెడుతూ, "సరే, నువ్వేమైనా అడగాలా?" అన్నాడు. ఆ అడగడం తలుపు చూపించడం లాంటిదని ఆమెకు తెలుసు. ఏమీ లే, అన్నదాకా నాలుక కదిలింది. కదిలిన నాలుక ఎందుకో ఆ మాట పూర్తి చేయలేదు. దాహం వేసింది, ఈ రోజుది కాదు, ఆ బావి గట్టు కింద నిలబడ్డ రోజులన్నిటి దాహం ఒక్కసారిగా వేసింది.

"నన్ను పాళేనికి ఏస్తే, ఆడ నేను తాగేదానికి నీళ్ళు యాడ తోడుకోవాలయ్యా? ఏ బావిలో?"

బీడీవో కుర్చీలో సర్దుకుని, "చట్టం ప్రకారం ఇప్పుడన్ని బావులూ అందరివీ. కాదంటే నేరం. నీకు తెలీదా?" అన్నాడు.

"తెలుసండీ. నేనడిగేది ఆ ఊరి సంగతండీ."

తెర ఉబ్బింది, వెనక్కి వచ్చింది. ఉద్యోగం పోయింది అనుకుంది. అలా అనుకోగానే ఒళ్ళు ఎంత తేలికైందంటే, ఇంతకాలం మోసింది ఏమిటో ఆమెకే అర్థం కాలేదు. ప్రెసిడెంటు ముందుకు వంగి, అప్పుడు మొదటిసారి, ఆమె ముఖంలోకి చూశాడు.

"ఆడ బావే లేదమ్మే. మా సరుగుడు తోపు ఆ పక్కనే ఉండాది, నాకు తెలుసు. ఇసకలో గుంట తీస్తే నీళ్ళూరతాయి, చెలమలంటారు. ఎవురి చెలమ వాళ్ళదే. నువ్వూ ఒకటి తీసుకో, ఎవురూ వద్దనరు." ఆగాడు. "ఎవురూ తోడి పొయ్యరు గూడా. తెల్లారేతలికి పూడిపోతాది, మళ్ళా తీసుకోవాల."

అడిగింది, చెప్పాడు. ఇంత చిన్న పని. నాయన బతికినంతకాలం చేయలేకపోయిన పని. ఇంకొకటి అడగాలనిపించింది, ఇంకొకటి అడిగింది.

"నాకు ముందర ఆడ ఎవురన్నా చేసినారా అయ్యా?"

"చేసింది, ఒకామె. ఎక్కువ కాలం ఉండలా, వచ్చేసింది."

"ఎందుకొచ్చేసిందయ్యా?"

బీడీవో దగ్గాడు. ప్రెసిడెంటు అటు చూడలేదు. "దాచేదేముండాది. పొద్దన్నే మగోళ్ళు సముద్రం మీదకి పోతారు, ఆడోళ్ళు చేపల గంపలెత్తుకోని ఊర్లమీదకి పోతారు. పగలంతా ఆడుండేది ముసిలోళ్ళు, కుక్కలు, గాలి. వాళ్ళది అరవం కలిసిన మాట, ఆమెకు తెలిసేది గాదు. గోడతో మాట్లాడతా కనపడిందంట. వాళ్ళన్నొచ్చి పిల్చుకోని పొయినాడు." గడ్డం గోక్కుని, "అడిగినావు, చెప్పినా. ఇప్పుడు నువ్వు చెప్పు. పోతావా?" అన్నాడు.

గోడతో మాట్లాడిన ఆమె ఎవరో, ఏ గోడ అది, సున్నం గోడా మట్టి గోడా, ఏమని మాట్లాడిందో. ఆమెను కూడా చివర్లో అడిగి ఉంటారు, ఏమీ లేదండీ అని ఉంటుంది. బల్లకు ఇటువైపు, ఆ ముగ్గురి ఎదుట కూర్చుని మగ్దలీనమ్మకు ఒక సంగతి నిదానంగా తెలిసివచ్చింది, తను నీళ్ళు అడిగింది గాని నీళ్ళతో పాటు ఇంకొకటి కూడా అడిగింది. సన్నగా పడే ధార కింద నిలబడి మీదేవూరక్కా అని అడిగించుకునే ఆ కాస్తను అడిగింది. ఇక ఆ ధార ఉండదు. తన గుంట తను తీసుకోవాలి, తన నీళ్ళు తను తోడుకోవాలి, ఎవరూ వద్దనరు, ఎవరూ పోయరు. నాతో మాట్లాడేదెవరయ్యా అని ఏ సమితినీ ఏ డాక్టరునూ అడగడానికి లేదు, దానికి వాళ్ళ దగ్గర ఖాళీ లేదు. తెల్లవారుజామున ఇసకలో చెలమలు తీసుకునే ఆడవాళ్ళ పక్కన తనూ కూర్చుంటుంది, వాళ్ళల్లో ఒకరు తల ఎత్తవచ్చు, ఎత్తకపోవచ్చు. అది వెళ్ళి చూస్తే గాని తెలియదు. కిందటిసారి కళ్ళకు గంతలు కట్టుకుని పోయింది. ఈసారి ముందున్నదేమిటో పేరుపేరునా చెప్పించుకుంది, అది ఒంటరితనమే, అయినా దాని ముఖం చూసింది.

"పోతానయ్యా" అంది. లేవబోతూ ఆగి, "తలుపుకి గెడె పెట్టియ్యాల" అంది.

ప్రెసిడెంటు ఈసారి నిజంగానే నవ్వాడు. "పెట్టిస్తాలే, పో. సోమవారం వచ్చి చేరు."

వసారాలోకి వచ్చేసరికి వెలుగుకు కళ్ళు చెదిరాయి. షాజాదీ ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. ఏదో అడగబోతుండగానే ప్యూను ఆ పిల్ల పేరు పిలిచాడు, ముఖం తెల్లబోయింది.

"నీకు తెలియాల్సిందంతా అడుగు తల్లీ" అంది మగ్దలీనమ్మ. "వాళ్ళను చూసి బయపడబాక. అడిగితే చెప్తారు."

ఆ పిల్ల తెర అవతలికి పోయింది. లోపల ప్రెసిడెంటు గొంతు, ఎవురి తాలూకు అని. రోడ్డు మీద కోటకు పోయే బస్సు వచ్చి ఆగి హారను కొట్టింది, ఇది తప్పితే మళ్ళీ పొద్దుగూకే దాకా బస్సు లేదు. సంచి చేతిలోకి తీసుకుని మెట్ల దాకా నడిచింది. కండక్టరు చెయ్యి ఊపాడు, వస్తావా రావా అని. మగ్దలీనమ్మ వెనక్కి తిరిగి తెరను చూసింది. ఆ పిల్ల అన్న సాయంత్రం గాని రాడు. మంచో చెడో ఏదో ఒకటి గుండెల్లో పెట్టుకుని ఆ తెర తోసుకుని బయటికి వస్తుంది, వచ్చి ఈ వసారాలో నిలబడి అటూ ఇటూ చూస్తుంది. రానని కండక్టరుకు తల అడ్డంగా ఊపింది. బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది. ఏమైందమ్మా అని అడిగేందుకు ఒక మనిషి ఉండాలి కదా అనుకుంటూ, సంచి కిందపెట్టి బల్ల మీద కూర్చుంది.